ఏ ఊరు చౌక?

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, వివాహం చేసుకొన్న యువతీయువకులు తీసుకోవలసిన పెద్ద నిర్ణయాల్లో నివాసస్థలం ఎంపిక ఒకటి. మహానగరంలోనే ఉండాలా, ఖర్చు తక్కువైన పట్టణానికి మారాలా అన్న ప్రశ్నను శ్రీ సత్యసాయి జిల్లా సోమందేపల్లె ప్రాంత పరిస్థితుల ఆధారంగా పరిశీలించడం, కుటుంబ ఆదాయ వ్యయాలను సమగ్రంగా లెక్కించే అలవాటును విద్యార్థుల్లో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఊరి ఎంపికను గురించి తెలుగువారికి తరతరాలుగా తెలిసిన పద్యం ఒకటి సుమతీ శతకంలో ఉంది. ఒక ఊరిలో నివసించాలంటే అక్కడ నాలుగు ఉండాలని ఆ పద్యం చెబుతుంది. అవసర సమయంలో రుణం దొరకాలి. జబ్బు చేస్తే వైద్యం అందాలి. ఏడాది పొడవునా నీరు ఉండాలి. శుభాశుభ కర్మలు జరిపించే ద్విజుడు ఉండాలి. ఇవి లేని ఊళ్లోకి అడుగే పెట్టవద్దని కవి హెచ్చరించాడు. గమనింపదగిన విషయం ఏమంటే, ఈ నాలుగు గుర్తుల్లో ఇంటి అద్దె ప్రస్తావన లేదు. నేడు ఊరు మారదలచినవారు మాత్రం మొట్టమొదట అడిగేది అద్దెనే.

కాలానుగుణంగా నాలుగో గుర్తు స్థానంలో పిల్లల చదువును చేర్చుకోవచ్చు. దానికి తోడు ఐదో గుర్తు ఒకటి అవసరమవుతుంది. అది పని. పూర్వం వృత్తి ఊరితోను, పుట్టుకతోను ముడిపడి ఉండేది. నేడు పనిని వెదకుతూ మనుషులు ఊళ్లు దాటుతున్నారు. ఈ మార్పును స్పష్టంగా చూడగల ప్రాంతాల్లో సోమందేపల్లె ఒకటి.

సోమందేపల్లె మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది; ఇప్పుడు పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. ఉత్తరాన పెనుకొండ, నైరుతి దిశలో హిందూపురం, దక్షిణాన రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో బెంగుళూరు ఉన్నాయి. నివాసాన్ని మార్చుకోవడం ఈ సీమకు కొత్త కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజ్యం తన రాజధానినే హంపి నుంచి పెనుకొండకు తరలించవలసి వచ్చింది. రాజులను యుద్ధం తరలిస్తే, సామాన్యులను కరువు తరలించింది.

ఈ పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే మేఘాలు ఇంత లోపలికి చేరేసరికి బలహీనపడతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో వర్షం అతి తక్కువగా కురిసే జిల్లాల్లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దీనినే చెప్పుకోవడం పరిపాటి. లోతులేని ఎర్రనేలల్లో వర్షాధారంగా పండేది ప్రధానంగా వేరుశనగ. విత్తనం వేసేనాటికి వాన పడినా, ఊడలు దిగేవేళ మూడు వారాలు మొగం చాటేస్తే పెట్టుబడి కూడా చేతికి రాదు. ఇట్టి వర్షాభావ పరిస్థితుల్లో రైతు కుటుంబాలు బోర్లు తవ్వించి అప్పులపాలయ్యాయి. ఆపై వలస బాట పట్టాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభించడం ఇక్కడి వలస తీవ్రతకు నిదర్శనం.

వలసలకు ప్రధాన గమ్యం బెంగుళూరు. భవన నిర్మాణం, కాపలా ఉద్యోగాలు, దుస్తుల కర్మాగారాలు, పీణ్య పారిశ్రామికవాడ, తరువాతి కాలంలో సాఫ్ట్‌వేర్ సంస్థలు సీమ యువతకు జీవనోపాధి కల్పించాయి. ముఖ్యంగా దుస్తుల కర్మాగారాల్లో పనిచేసేవారిలో అధికులు స్త్రీలే. పల్లెలో పొలం పనికి మాత్రమే అవకాశమున్న యువతికి నగరం నెలజీతం ఇచ్చింది. ఈ సంగతిని విస్మరించి నగరాన్ని కేవలం ఖర్చులమారిగా చిత్రించడం న్యాయం కాదు.

అయితే నగరం ఇచ్చే జీతం చేతికి పూర్తిగా మిగలదు. పది నెలల అద్దెను ముందుగా అడ్వాన్సుగా తీసుకోవడం బెంగుళూరులో చాలాకాలంగా ఉన్న వాడుక. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించడానికంటూ ఒక నెల అద్దెను మినహాయించుకోవడం కూడా అక్కడ సాధారణమే. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం సూచించింది. కాని నమూనా చట్టం రాష్ట్రాలకు మార్గదర్శకం మాత్రమే. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ ఏర్పాటులోని కష్టం బయటపడింది. కూలి ఆగిపోయింది, అద్దె ఆగలేదు. ఎందరో మూట సర్దుకొని సొంత ఊళ్లకు తిరిగివచ్చారు.

ఆనాటి రాక తప్పనిసరి పరిస్థితుల్లో జరిగింది. ఇప్పుడు కొన్ని యువజంటలు ఆలోచించి తిరిగిరావాలనుకోవడానికి వేరే కారణం ఉంది. పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వద్ద, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారం 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. దానికి విడిభాగాలు అందించే పరిశ్రమలు చుట్టుపక్కల వెలిశాయి. హిందూపురం దగ్గర తూముకుంట పారిశ్రామికవాడ, పట్టణంలోని పట్టుగూళ్ల మార్కెట్, ధర్మవరంలో పట్టుచీరల నేత అంతకుముందే ఉన్నాయి. అందువల్ల బెంగుళూరులో కాపురం పెట్టిన సోమందేపల్లె దంపతులకు 'హిందూపురానికి మారితే ఎలా ఉంటుంది?' అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

ఈ ప్రశ్నకు సమాధానం లెక్కలో ఉంది. భార్యాభర్తలిద్దరూ పనిచేసే ఒక జంటను ఊహించుకొందాం. ఇక్కడి అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి వేసుకొన్నవి మాత్రమే. బెంగుళూరులో భర్త జీతం 18,000 రూపాయలు, భార్య జీతం 14,000 రూపాయలు. మొత్తం 32,000. ఖర్చులు చూద్దాం: అద్దె 9,000, తిండి 8,000, ప్రయాణం 3,000, నీరు, కరెంటు 1,500, బిడ్డ చదువు 3,500, ఊళ్లోని పెద్దలకు పంపేది 3,000. మొత్తం 28,000. నెలకు 4,000 మిగులుతున్నట్లు కనిపిస్తుంది. కాని అడ్వాన్సు కోసం 90,000 రూపాయలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, నెలకు వడ్డీయే 1,800. అసలైన మిగులు 2,200 మాత్రమే.

ఇప్పుడు హిందూపురం లెక్క చూద్దాం. అద్దె 4,000, తిండి 6,500, ప్రయాణం 1,500, నీరు, కరెంటు 1,000, చదువు 2,000, పెద్దలకు 1,000. మొత్తం 16,000. అద్దె సగానికి పైగా తగ్గింది. మొత్తం ఖర్చులో 12,000 రూపాయలు తగ్గాయి. ఇంతవరకే చూసినవారు వెంటనే లారీ మాట్లాడుకొంటారు. కాని భర్తకు ఇక్కడ 15,000 జీతమే దొరికి, భార్యకు పని దొరకకపోతే నెలకు 1,000 రూపాయల లోటు. చౌకైన ఊళ్లో ఆ కుటుంబం అప్పుల్లో పడుతుంది. అదే భార్యకు 9,000 రూపాయల పని దొరికితే ఆదాయం 24,000; మిగులు 8,000. ఊరు ఒక్కటే, అద్దె ఒక్కటే. లోటును మిగులుగా మార్చింది ఆమె సంపాదన.

అందుచేత ఊరు చౌకా కాదా అన్నది ఇంటి యజమాని అడిగే అద్దెను బట్టి తేలదు. ఆ ఊళ్లో ఇద్దరి పని నిలబడుతుందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. చాలా ఇళ్లలో భర్తకు ఉద్యోగం ఖాయమైన మరుక్షణం ప్రయాణం నిశ్చయమవుతుంది. భార్య ఉద్యోగం 'వెళ్లాక చూద్దాం' అన్న మాట కింద మరుగునపడుతుంది. అప్పుడు తక్కువ అద్దెకు మూల్యం చెల్లించేది ఆమె. నష్టపోయేది జీతం మాత్రమే కాదు. సొంతంగా ఖర్చుపెట్టగల స్వేచ్ఛ, పని నేర్చిన అనుభవం, తోటి ఉద్యోగినుల స్నేహం కూడా చేజారుతాయి. లెక్కలో ఆమె వరుసను ఖాళీగా వదిలి వేసిన కూడిక సరైన కూడిక కాదు.

ఇక శతకకారుడు చెప్పిన గుర్తులను కూడా పరీక్షించాలి. నీటి విషయమే తీసుకొందాం. హిందూపురం ఏళ్ల తరబడి వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన పట్టణం. హంద్రీ-నీవా సుజల స్రవంతి ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా నీరు పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేరింది. అక్కడినుంచి హిందూపురానికి తాగునీటి పైపులైను వేశారు. మరోవైపు, కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చుకొనే బెంగుళూరులో 2024 వేసవిలో వేలాది బోరుబావులు ఎండిపోయాయి. కాబట్టి మహానగరంలో నీరు పుష్కలమనీ, కరువుసీమలో అసలే దొరకదనీ ముందే తీర్మానించుకోరాదు. ఇల్లు చూడబోయేవారు ఏ వీధిలో ఎన్ని రోజులకొకసారి నీళ్లు వస్తాయో ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి విచారించడం మేలు.

వైద్యం విషయంలో ఈ ప్రాంతానికి కొన్ని అనుకూలతలు ఉన్నాయి. పుట్టపర్తి వద్ద శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ 1991 నుంచి ఉచిత వైద్యం అందిస్తున్నది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయినా అత్యవసర సమయంలో అర్ధరాత్రి ఎక్కడికి వెళ్లాలో, మన దగ్గరున్న కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో ముందుగా తెలుసుకోవాలి. చదువు విషయంలో భాషను గమనించాలి. హిందూపురం పరిసరాల్లో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. కాని బడిలో కన్నడం నేర్చిన బిడ్డ ఒక్కసారిగా తెలుగు పాఠాల్లో కూర్చొంటే కొంతకాలం తడబడుతుంది. వేసవి సెలవుల్లో ఊరు మారితే ఆ బిడ్డకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి దొరుకుతుంది. ఇక రుణం మాటకొస్తే, మూడు నాలుగు నెలల ఖర్చును చేతిలో ఉంచుకొని కదిలినవారికి వడ్డీవ్యాపారి గడప తొక్కే అవసరం సాధారణంగా రాదు.

అంకెలకు అందని సంగతులు కొన్ని ఉన్నాయి. సోమందేపల్లెకు దగ్గరగా ఉంటే జబ్బుపడిన తల్లిదండ్రులను గంటలోపే చూడవచ్చు. బిడ్డను అవ్వ దగ్గర వదిలి ఇద్దరూ పనికి పోవచ్చు. ఆ దగ్గరితనమే కొందరికి బరువు కావచ్చు. నగరంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఇక్కడ బంధువులు అడుగుతారు. దూరపు కొండలు నునుపు అన్న సామెత నగరానికి ఎంత వర్తిస్తుందో, వదిలివచ్చిన ఊరికీ అంతే వర్తిస్తుంది. కష్టసుఖాలు రెండుచోట్లా ఉన్నాయి. ఏ కష్టాన్ని భరించగలరో ఆ దంపతులే కూర్చొని మాట్లాడుకోవాలి. ఒక కాగితంపై రెండు ఊళ్ల పేర్లు రాసి, వాటి కింద ఇద్దరి పని, నీరు, వైద్యం, చదువు, అప్పు అన్న వరుసలు గీసి, అద్దెను చివరి వరుసలో రాయాలి. ఆ కాగితంపై ఇద్దరూ తమ చేత్తో అంకెలు వేయాలి. కరువు తరిమితే వెళ్లడం పూర్వతరాల విధి. ఆలోచించి ఊరిని ఎంచుకొనే అవకాశం ఈ తరానికి కొంతైనా దక్కింది. ఆ అవకాశాన్ని ఒక్క అద్దె అంకెకు అప్పగించరాదు.

కఠిన పదాలకు అర్థాలు

వర్షచ్ఛాయా ప్రాంతం : కొండలు అడ్డుపడటంవల్ల వర్షం తక్కువగా కురిసే ప్రదేశం
పీఠభూమి : ఎత్తైన, చదునైన భూభాగం
ఊడలు దిగు : వేరుశనగ పూత తరువాత కాడలు నేలలోకి దిగి కాయ కట్టడం
పరిపాటి : అలవాటు, వాడుక
నిదర్శనం : ఉదాహరణ, రుజువు
మూల్యం : వెల
మరుగునపడు : కనిపించకుండా పోవు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు 20 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అద్దెను మాత్రమే చూసి ఊరు మారడంలోని ప్రమాదాన్ని పాఠ్యభాగంలోని లెక్క ఆధారంగా వివరించండి.
2. సోమందేపల్లె ప్రాంతం నుంచి జరిగిన వలసలకు కారణాలను, తిరిగిరావడానికి ఏర్పడిన అవకాశాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 8 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సుమతీ శతకకారుడు చెప్పిన నాలుగు గుర్తులు ఏవి? వ్యాసంలో వాటికి చేర్చిన ఐదో గుర్తు ఎందుకు అవసరమైంది?
2. బెంగుళూరు, హిందూపురం పట్టణాల నీటి పరిస్థితిని పోల్చండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని ఎక్కడికి మారింది?
2. ఉపాధి హామీ పథకం ఏ గ్రామంలో ప్రారంభమైంది?
3. గొల్లపల్లి జలాశయానికి ఏ నది నీరు చేరింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కూలి ఆగిపోయింది, అద్దె ఆగలేదు.
2. లోటును మిగులుగా మార్చింది ఆమె సంపాదన.

V. సంధులు
జలాశయం = జల + ఆశయం — సవర్ణదీర్ఘ సంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి — గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం — యణాదేశ సంధి

VI. సమాసాలు
కష్టసుఖాలు : కష్టమును, సుఖమును — ద్వంద్వ సమాసం
వర్షాభావం : వర్షము యొక్క అభావం — షష్ఠీ తత్పురుష సమాసం
ఎర్రనేల : ఎర్రనైన నేల — విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరి నుంచి వేరే ఊరికి మారిన ఒక కుటుంబంతో మాట్లాడి, వారి అనుమతితో, పేర్లు రాయకుండా, మారకముందు, మారిన తరువాత ఇద్దరి ఆదాయాన్ని, ఖర్చులను పట్టికగా రాయండి. వారు ముందుగా ఊహించని ఖర్చు ఏదో గుర్తించండి.