మన నేల, మన పాలపిట్ట, మన మనుషులు

తెలంగాణ రాష్ట్ర పక్షి ఏదంటే పాలపిట్ట అని మేమందరం టక్కున చెప్తాం. జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. 2014లో ప్రకటించిన ఈ నాలుగింటినీ పరీక్షల కోసం కంఠతా పట్టినవాళ్లమే. కానీ ఆ పిట్ట గుడ్లు ఎక్కడ పెడుతుందని అడిగితే మాలో చాలామందిమి తలలు గోక్కున్నాం. అందుకే మన రాష్ట్రం గురించి మద్దూరు నుంచే చదవడం మొదలుపెట్టాం.

మనది దక్కన్ పీఠభూమి. కింద గ్రానైటు రాయి, పైన పలుచని ఎర్ర చెల్క. రాయి నీటిని పీల్చుకోదు. పగుళ్లలో నిలిచిన నీళ్లే బోరుకు అందుతాయి. అందుకే ఒకరి బోరు పోస్తుంటే పక్క చెల్కలో దుమ్ము లేస్తుంది. మన పెద్దలు వాగులకు అడ్డంగా కట్టలు పోసి చెరువులు చేసింది ఇందుకే.

ఇలాంటి మెట్ట నేలలో తాటిచెట్టు బాగా బతుకుతుంది. గీత కార్మికునికి అది కల్లు ఇస్తుంది. ఎండిపోయాక దాని తొర్రలో పాలపిట్ట గుడ్లు పెడుతుంది. తొర్రను అది తొలుచుకోలేదు, ఉన్నదాన్నే వెతుక్కుంటుంది. కరెంటు తీగ మీద కూర్చుని కిందికి చూస్తూ మిడతలను, పురుగులను పట్టి తింటుంది. రైతుకు కూలి అడగని పాలేరు అన్నమాట!

దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. కొందరు దాన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో ఇల్లిల్లూ తిప్పుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. చిన్నప్పుడు మాలో కొందరం ఆ పంజరానికే దండం పెట్టి రూపాయి ఇచ్చినవాళ్లమే.

ఇక మనుషులు. జొన్నచేలో పిట్టలను కొట్టకుండా బెదిరించడానికి వాడే వడిసెలను బైరాన్‌పల్లి జనం రజాకార్ల మీద తిప్పారు. ఒకప్పుడు మా మండలంలోనే ఉన్న ఆ ఊరి బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం ఆ ఊరి మీద పడి పదుల సంఖ్యలో జనాన్ని చంపారు. 2016లో మద్దూరు వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేటలోకి వచ్చింది. జిల్లా మారినా నేల అదే, కథ అదే.

మా హాస్టల్ వెనుక ఒక ఎండిన తాటి మొద్దు ఉంది. కట్టెలకు కొట్టిద్దామన్నారు. వార్డెన్ సారును అడిగి ఆపించాం. ఎండాకాలం సెలవుల్లో ఇక్కడే ఉండే తమ్ముళ్లు దాని తొర్రను దూరం నుంచే చూసి, పిట్ట వచ్చిందో లేదో మాకు చెప్పాలి.