ఫోన్ లో రెజ్యూమ్ తయారు చేస్తున్నారా? పంపే ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి

బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్ లో ఉండి జాబ్ వెతుక్కుంటున్న రోజులు. లాప్‌టాప్ రిపేర్ లో ఉంది, ఉన్నది ఫోన్ ఒక్కటే. కాన్వా యాప్ లో ఒక టెంప్లేట్ బాగా నచ్చింది. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో గుండ్రంగా నా ఫోటో, దాని కింద ఫోన్ నంబర్, మెయిల్, స్కిల్స్ కి రంగు బార్లు. రూమ్ లో అందరూ "అదిరింది రా" అన్నారు. రెండు నెలలు అదే పంపాను. ఒక్క కాల్ కూడా రాలేదు.

పక్క రూమ్ సీనియర్ అన్న ఒకాయన చూసి, "ఆ పీడీఎఫ్ ఓపెన్ చేసి, మొత్తం సెలెక్ట్ చేసి నోట్స్ లో పేస్ట్ చెయ్యి" అన్నాడు. చేశాను. నా ఫోన్ నంబర్ సగానికి విరిగి, మధ్యలో ప్రాజెక్ట్ పేరు దూరింది. స్కిల్స్ అనే హెడ్డింగ్ కింద మా కాలేజీ పేరు ఉంది. కాల్స్ రాకపోవడానికి ఇదొక్కటే కారణం అని చెప్పలేను, ఫ్రెషర్ ని కదా. కానీ నంబరే సరిగ్గా లేని రెజ్యూమ్ కి కాల్ ఎలా వస్తుంది?

అసలు విషయం ఏంటంటే, చాలా కంపెనీల్లో మన రెజ్యూమ్ ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ లోకి వెళ్తుంది. అదేదో రోబో మనల్ని రిజెక్ట్ చేస్తుందని భయపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి, అంత సీన్ లేదు. అది ముఖ్యంగా చేసే పని పీడీఎఫ్ లోంచి పేరు, నంబర్, చదువు, స్కిల్స్ విడదీసి దాచుకోవడం. తర్వాత హెచ్ఆర్ వాళ్లు "జావా" అనో "ఎస్‌క్యూఎల్" అనో సెర్చ్ చేస్తారు. పీడీఎఫ్ లో టెక్స్ట్ మనం చదివే వరసలోనే ఉండాలని రూలేం లేదు. ఏ అక్షరం పేజీలో ఎక్కడ ఉండాలో మాత్రం అందులో ఉంటుంది. అందుకే రెండు కాలమ్స్ ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ లైన్, కుడి లైన్ కలిపి చదివేస్తాయి. నాకు జరిగింది అదే.

అలాగని బోసిగా ఉన్న రెజ్యూమ్ పంపమని కాదు. ఒకే కాలమ్ లో కూడా అందంగా చేయొచ్చు. గూగుల్ డాక్స్ యాప్ లో ప్లస్ గుర్తు నొక్కి టెంప్లేట్ ఎంచుకోండి అనే ఆప్షన్ లోకి వెళ్తే రెజ్యూమ్ టెంప్లేట్లు ఫ్రీగానే ఉంటాయి. కాన్వా అలవాటైతే అందులోనే చేయండి, కాకపోతే ఒక కాలమ్ ఉన్నది వెతకండి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పీడీఎఫ్ స్టాండర్డ్ తీసుకోండి, ఫ్లాటెన్ అనే టిక్ మాత్రం పెట్టకండి. అది పెడితే అక్షరాలన్నీ బొమ్మ అయిపోతాయి, సెలెక్ట్ చేయడానికి ఏమీ మిగలదు.

ఫోన్ లో డిజైన్ చేసేవాళ్లు పడే పెద్ద ఇబ్బంది సైజు. ఏ4 పేజీ వెడల్పు 210 మిల్లీమీటర్లు. మన ఫోన్ స్క్రీన్ వెడల్పు సుమారు 70. అంటే పేజీ మొత్తం కనపడేలా పెడితే అన్నీ మూడో వంతు సైజులో కనిపిస్తాయి. 11 సైజు అక్షరం చీమంత కనపడుతుంది. చదవలేకపోతున్నాం కదా అని 14 పెట్టేస్తాం, ఒక పేజీ కాస్తా రెండవుతుంది. ఆ తప్పు చేయకండి. మామూలు టెక్స్ట్ కి 10.5 లేదా 11, హెడ్డింగ్స్ కి 13, మీ పేరుకి 20 దాకా పెట్టి, వేళ్లతో జూమ్ చేసుకుని చూడండి. గూగుల్ డాక్స్ లో అయితే ప్రింట్ లేఅవుట్ ఆన్ చేసుకోండి, లేకపోతే పేజీ ఎక్కడ తెగుతుందో తెలియదు.

రంగు ఒక్కటి చాలు, అది కూడా హెడ్డింగ్స్ కి మాత్రమే. అమోలెడ్ స్క్రీన్ లో వివిడ్ మోడ్ ఆన్ లో ఉంటే రంగులు ఉన్నదానికంటే గాఢంగా కనిపిస్తాయి. నేచురల్ మోడ్ కి మార్చి, డార్క్ థీమ్ ఆపేసి చూడండి. లేత బూడిద రంగు అక్షరాలు మన ఫోన్ లో స్టైల్ గా ఉంటాయి కానీ, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే కళ్లు చికిలించాల్సిందే. వెబ్ పేజీల్లో మామూలు టెక్స్ట్ కి, బ్యాక్‌గ్రౌండ్ కి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ రూల్ ఉంది. రెజ్యూమ్ కి కూడా అదే పాటిస్తే మంచిది.

స్కిల్ బార్లు తీసేయండి. "జావా 80 శాతం" అంటే మిగతా 20 ఏంటో ఇంటర్వ్యూలో అడిగితే మన దగ్గర జవాబు లేదు. బార్ బదులు ఆ జావాతో ఏం చేశారో ఒక లైన్ రాయండి. కాలేజీలో ఇచ్చిన ఫార్మాట్ లో ఉండే తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివర "పై వివరాలన్నీ నిజమని" అనే డిక్లరేషన్, సంతకం కూడా సాఫ్ట్‌వేర్ జాబ్ కి అక్కర్లేదు. అవి పోతే నాలుగైదు లైన్ల ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీని నింపేయకండి, అంచుల్లో వదిలేయండి. పేజీ నీట్ గా కనిపించేది ఎక్కువగా దాని వల్లే.

ఫోన్ గుర్తు, కవరు గుర్తు లాంటి ఐకాన్స్ పెట్టినా పర్లేదు, పక్కన ఫోన్, ఈమెయిల్ అని అక్షరాల్లో కూడా రాయండి. గిట్‌హబ్, లింక్డ్‌ఇన్ లింకులు నొక్కి చూడండి, నాది ఒకసారి ఎడిట్ పేజీకి వెళ్లింది. ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 2" అని వదిలేయకుండా మీ పేరు, రోల్ పెట్టండి. వాట్సాప్ లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్ గానే పంపండి, స్క్రీన్‌షాట్ తీసి ఫోటోగా పంపితే మసక అవుతుంది.

ఇక ఆ టెస్ట్. పీడీఎఫ్ ఓపెన్ చేసి, మొత్తం కాపీ చేసి నోట్స్ లో పేస్ట్ చేయండి. పేరు, నంబర్, మెయిల్ ముక్కలు కాకుండా వచ్చాయా, ప్రతి హెడ్డింగ్ కింద దానికి సంబంధించిందే ఉందా చూడండి. నేను ఒక కాలమ్ కి మార్చాక కూడా మొదటిసారి మెయిల్ ఐడీ రెండు లైన్లుగా విరిగింది, ఫాంట్ అర పాయింట్ తగ్గిస్తే సరిపోయింది. రెజ్యూమ్ లో ఏ చిన్న మార్పు చేసినా ఈ టెస్ట్ మళ్లీ చేయండి, అర నిమిషం కూడా పట్టదు.