వాయుగుండం మాట వింటే అత్తగారు పడుకోరు

సమస్య

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. అత్తగారికి అరవై రెండేళ్లు, సొంతూరు దివిసీమ. టీవీలో వాయుగుండం మాట వినపడితే ఆ రాత్రి ఆవిడకు జాగారమే. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, మందులు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి మంచం పక్కన పెట్టుకుంటారు. ఉండేదేమో అయిదో అంతస్తు! కొడుకు ఫోన్ ఎత్తకపోతే ఇల్లంతా కేకలు. రోడ్డు దాటేటప్పుడు మనవరాలి మణికట్టు కందిపోయేలా పట్టుకుంటారు. పిల్ల ఇప్పుడు "నానమ్మతో వెళ్లను" అంటోంది. భర్త మాత్రం "అమ్మ మొదట్నుంచీ అంతే" అని తేల్చేస్తాడు. ఈమధ్య కోడలు గట్టిగా అడిగితే, "నా తమ్ముడు నా చేతిలోంచే జారిపోయాడు, నీకేం తెలుసు?" అన్నారట.

ఇది చాదస్తమా, జబ్బా? మందుల షాపులో నిద్రమాత్రలు తెచ్చి వేయవచ్చా? ఇవీ కోడలి ప్రశ్నలు.

సలహా

మాత్రల సంగతి ముందు. వద్దు. డాక్టరు చూడకుండా వేస్తే ఆ వయసులో రాత్రిపూట లేచి తూలిపడే ప్రమాదం ఉంది, పైగా అలవాటు పడతారు.

ఇక చాదస్తం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఈ అత్తగారికి పద్నాలుగేళ్లు. ఆనాడు పది వేలమందికి పైగా పోయారు. బతికినవాళ్లకు బియ్యం, బట్టలు, తర్వాత ఇళ్లు అందాయి. తమ్ముణ్ని పోగొట్టుకున్న పిల్ల మనసు సంగతి ఎవరు అడిగి ఉంటారు? ఇలాంటి బాధను పీటీఎస్‌డీ పేరుతో అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల జాబితాలో చేర్చిందే 1980లో.

మూట, ఫోన్, మణికట్టు... వీటిని ఆ ఉప్పెనతో కలిపి చూస్తే ఒక్కటీ అర్థంలేనిది కాదు. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం ఆలోచనకంటే ముందే గంట కొట్టేస్తుంది. అందుకే "హైదరాబాద్‌కు సముద్రం ఎక్కడొస్తుంది?" అన్న తర్కం ఆ క్షణంలో పనిచేయదు.

అలాగని అన్నీ ఉప్పెన ఖాతాలో వేయకూడదు. ఈ ధోరణి ఈమధ్యే పెరిగితే మతిమరుపు, థైరాయిడ్ కూడా చూపించాలి. జబ్బు పేరు చెప్పాల్సింది మానసిక వైద్యుడే.

మూటతో ఎవరికీ నష్టం లేదు, దాని జోలికి పోనక్కర్లేదు. కొడుకు ఆఫీసులో బయల్దేరగానే ఒక ఫోన్ చేస్తే సగం కేకలు తగ్గుతాయి. పిల్ల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు: కొన్నాళ్లు రోడ్డు మీద ఆ చెయ్యి తల్లే పట్టుకోవాలి. తమ్ముడి కథ చెప్పమని ఆవిణ్ని తవ్వి అడగడం మంచిది కాదు, ఆవిడే మొదలుపెడితే వినాలి. జ్ఞాపకాన్ని మెల్లగా ఎదుర్కోవడం నేర్పే చికిత్సలున్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటిసారి వెంట వెళ్లాల్సింది కొడుకు. కోడలు తీసుకెళ్తే "నాకు పిచ్చి అంటగడుతున్నారు" అన్న కొత్త గొడవ మొదలయ్యే అవకాశమే ఎక్కువ. నవంబరు రాకముందే వెళ్లాలి.