ఆ మాట యేసుదా, మనదా?

ప్రశ్న: మా సంఘంలో యువజన కూటం నడుపుతాను. సినిమాలు చూడటం యేసుకు ఇష్టం లేదన్నాను. ఎక్కడ రాసుందని ఒకమ్మాయి అడిగింది. ఏం చెప్పాలి?

జవాబు: ఆ అమ్మాయి అడగాల్సిందే అడిగింది. సువార్తల్లో సినిమాల ఊసే లేదు. తమకు నచ్చనిది దేవుడికీ నచ్చదనుకోవడం విశ్వాసుల్లో మామూలే. 2009లో అమెరికాలో మనస్తత్వవేత్త నికొలస్ ఎప్లీ బృందం పరిశోధనలో, విశ్వాసుల సొంత అభిప్రాయం మారితే, దేవుడి అభిప్రాయంగా వాళ్లు చెప్పేదీ మారింది.

తన మాటనూ ప్రభువు మాటనూ పౌలు ఎలా వేరుచేశాడో చూడండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, భార్య భర్తను విడిచిపోకూడదన్నది ప్రభువు ఆజ్ఞ అంటాడు (10వ వచనం). అవిశ్వాసితో కాపురం గురించి చెప్పేది మాత్రం తన మాటేనంటాడు (12). పెళ్లికానివారి విషయంలో ప్రభువు ఆజ్ఞ లేదని, తన అభిప్రాయమే చెబుతున్నానని ఒప్పుకుంటాడు (25). అపొస్తలుడే అంత జాగ్రత్తపడ్డాడు!

మీరూ ‘ఇది యేసు మాట’ అనే ముందు వచనం వెతకండి, దాని ముందూ వెనకా చదవండి. దొరక్కపోతే ‘ఇది నా అభిప్రాయం’ అనండి. సినిమాలతో చదువు పాడవుతుందని మీ భయమైతే ఆ కారణమే చెప్పండి. సినిమాల గురించి అన్నది యేసు మాట కాదు, మీ అభిప్రాయమేనని ఆ అమ్మాయికీ, వచ్చే కూటంలో అందరికీ చెప్పండి.

సినిమాల సంగతి కాక పెళ్లి, విడాకుల లాంటి పెద్ద చిక్కులైతే పాస్టరుగారిని నేరుగా కలవండి. యేసు పేరు చెప్పి ఎవరైనా మందులు మానమంటే మానకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.