జర్మనీ హాస్టల్లో ఉగాది పచ్చడి

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది. ఉగాదికి తెలిసినవాళ్లు వెళ్తుంటే నెయ్యి, మామిడికాయ, వేపపువ్వు ఇచ్చి పంపొచ్చా? హాస్టల్ గదిలో పండగ ఎలా చేసుకోవాలి?
– ఒక తల్లి, మదురై

జవాబు: నెయ్యి, పాలకోవా వద్దమ్మా. ఇక్కడి నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తీసుకెళ్లడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. మామిడికాయకు, పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కొబ్బరికాయ, అరటిపండ్లకు ఆ బెడద లేదు. వేపపువ్వు మాత్రం మీరు చారులో వేసే ఎండుపువ్వే పంపండి. తడి లేకుండా ఎండబెట్టి, పొట్లం మీద పేరు రాయండి. చింతపండు, బెల్లం అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. మామిడికాయ దొరక్కపోతే పుల్లటి పచ్చ ఆపిల్ సన్నగా తరిగి వేసుకోమనండి.

2026లో ఉగాది మార్చి 19, గురువారం. ఆ రోజుకి జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంట్లో పంచాంగ శ్రవణం సాయంత్రం పెట్టుకుంటే అమ్మాయీ ఫోన్లో వింటుంది. గదిలో కర్పూరం, సాంబ్రాణి వద్దు. పొగకు అలారం మోగి ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు తనే కట్టాల్సి రావచ్చు. బ్యాటరీ దీపం చాలు.

తమిళ స్నేహితులుంటే కొంచెం పువ్వు దాచమనండి. ఏప్రిల్ 14న పుత్తాండుకి వాళ్లు చేసే మామిడి పచ్చడిలోనూ బెల్లం, వేపపువ్వు పడతాయి కదా!