చిన్న మరమ్మతు పెద్ద పనిగా మారే క్రమం: ట్రాక్టరు క్లచ్ ఉదాహరణగా ఒక పరిశీలన

పరిచయం

తీగ లాగితే డొంకంతా కదులుతుందన్న నానుడి వాహనాల మరమ్మతుకు చక్కగా అన్వయిస్తుంది. నీటి పంపు వద్ద లీకు సరిచేయడానికి కారును షెడ్డుకు తీసుకువెళితే, ఆ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే అయినప్పుడు బెల్టునూ విప్పక తప్పదు. విప్పిన పాత బెల్టును తిరిగి బిగించడం వివేకం కాదు కనుక కొత్తది వేస్తారు. దానితో పాటు టెన్షనరు కూడా మారుతుంది. ఒక పూట పని రెండు మూడు రోజుల పని అవుతుంది.

కారు యజమానికి ఇది ఖర్చు, అసౌకర్యం. ట్రాక్టరు విషయంలో నష్టం పొలం మీద పడుతుంది. వర్షాధార ఎర్ర నేలల్లో వాన పడిన తరువాత విత్తడానికి అనువైన పదును కొద్ది రోజులకు మించి నిలవదు. ఆ రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో విప్పి ఉంటే అదను తప్పుతుంది. పైగా గ్రామంలో ఒక ట్రాక్టరు సొంతదారు పొలానికే పరిమితం కాదు. అద్దె దున్నకంపై ఆధారపడిన చిన్న, సన్నకారు రైతులందరి విత్తు పనీ దానితో ముడిపడి ఉంటుంది. అందువల్ల మరమ్మతు ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయం సేద్య విజ్ఞానానికి కూడా సంబంధించినదే.

పని పెరగడానికి నాలుగు మార్గాలు

మరమ్మతు పెరగడం ఒకే కారణం వల్ల జరగదు. నాలుగు మార్గాలను వేరు చేసి చూడాలి.

1. కారణపు గొలుసు: కంటికి కనిపించిన లోపం లక్షణం మాత్రమే, అసలు కారణం మరొక భాగంలో ఉంటుంది. దానిని వదిలేస్తే కొత్తగా వేసిన భాగమూ పాడవుతుంది.

2. చేరువ గొలుసు: లోపమున్న భాగాన్ని చేరడానికే ఎక్కువ కూలి అవుతుంది. కనుక ఎలాగూ విప్పాం కదా అని పక్కనున్న భాగాలనూ మార్చడం.

3. మరమ్మతు వల్ల కలిగే నష్టం: తుప్పు పట్టిన బోల్టు తల తెగడం, మరలు పాడవడం, విప్పిన గ్యాస్కెట్ చిరగడం వంటివి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇక్కడే వర్తిస్తుంది.

4. కోరిక: పనిలో పనిగా రంగు వేయించడం, సీటు మార్చడం, అదనపు దీపాలు బిగించడం.

మొదటి దానిని తప్పక అనుసరించాలి. రెండవ దానిని లెక్క కట్టి నిర్ణయించాలి. మూడవ దానిని జాగ్రత్తతో నివారించాలి. నాలుగవ దానిని ఖాళీ కాలానికి వాయిదా వేయాలి. షెడ్డులో ఈ నాలుగూ కలగలిసి ఒకే బిల్లుగా రావడమే సమస్యకు మూలం.

క్లచ్ జారడం: గొలుసు సాగే తీరు

నాగలి బరువు పడగానే ఇంజిన్ వేగం పెరిగి, ట్రాక్టరు మాత్రం ముందుకు సాగకపోతే క్లచ్ జారుతోందని అనుమానించాలి. క్లచ్ ప్లేటు చిన్న భాగమే. కానీ అది ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ మధ్య ఉంటుంది. దానిని మార్చాలంటే సాధారణ ట్రాక్టరును నడుమన రెండు భాగాలుగా విడదీయాలి.

విడదీసిన తరువాత ప్లేటుపై నూనె కనిపించిందనుకుందాం. అది క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీలు నుండి వచ్చి ఉండవచ్చు. సీలు మార్చకుండా ప్లేటు మాత్రమే మారిస్తే కొత్త ప్లేటూ నూనెలో తడుస్తుంది. మరి సీలు ఎందుకు పాడయింది? వయసు వల్ల గట్టిపడి ఉండవచ్చు. లేదా ఇంజిన్ లోపలి గాలి బయటకు పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయి, లోపలి ఒత్తిడి నూనెను సీలు దాటించి ఉండవచ్చు. పిస్టన్ రింగులు అరిగి మండిన వాయువులు కిందికి దిగినా అదే ఒత్తిడి కలుగుతుంది. ఒక వైపు పైపును శుభ్రపరచడంతో తీరే పని. మరొక వైపు ఇంజిన్ మొత్తం విప్పవలసిన పని. రెండింటికీ మొదటి లక్షణం ఒక్కటే.

విప్పక ముందు చేయవలసిన పరీక్షలు

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకుండా ఉండాలంటే తక్కువ శ్రమతో అయ్యే పరీక్షలను ముందుగా, వరుసగా చేయాలి.

మొదట క్లచ్ పెడల్ ఖాళీ కదలికను కొలవాలి. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన మేర ఖాళీ లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒత్తుకునే ఉండి ప్లేటు జారుతుంది. లింకు సర్దుబాటుతో ఇది కొద్ది నిమిషాల్లో తీరవచ్చు. పెడల్ మీద కాలు ఉంచి నడిపే అలవాటు వల్ల కూడా ఇదే ఫలితం కలుగుతుంది.

తరువాత క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే రంధ్రాన్ని చూడాలి. అక్కడ కారే నూనె నల్లగా ఉంటే ఇంజిన్ వైపు సీలును, లేత రంగులో చిక్కగా ఉంటే గేర్ బాక్సు వైపు సీలును అనుమానించాలి. దమ్ము చేసేటప్పుడు నీరు చొరకుండా ఈ రంధ్రానికి బిరడా బిగించే ఏర్పాటు కొన్ని ట్రాక్టర్లలో ఉంటుంది. దమ్ము ముగిసిన తరువాత బిరడా తీయకపోతే లోపల చేరిన నూనె బయటకు రాదు. లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

మూడవది, ఇంజిన్ నడుస్తుండగా బ్రీదర్ పైపు నుండి వచ్చే పొగను గమనించాలి. పైపు మూసుకుపోతే ముందు శుభ్రం చేయాలి. పైపు తెరిచి ఉన్నా పొగ బలంగా తన్నుకు వస్తూ, ఇంజిన్ ఆయిల్ త్వరగా తగ్గిపోతుంటే రింగుల అరుగుదలను అనుమానించాలి. ఈ సంగతి విప్పకముందే తెలిస్తే రైతు పూర్తి ఖర్చును ఎదుట పెట్టుకొని నిర్ణయం తీసుకోగలుగుతాడు.

విప్పిన తరువాత లెక్క

చేరువ గొలుసులో ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నదానికి ఒక సులభమైన సూత్రం ఉంది. పక్క భాగాన్ని ఇప్పుడు మార్చకపోతే, కొత్త ప్లేటు అరిగేలోపు అది పాడయ్యే అవకాశాన్ని అంచనా వేయాలి. అలా పాడైతే అయ్యే మొత్తం నష్టంతో ఆ అవకాశాన్ని గుణించాలి. వచ్చిన విలువ భాగం ధర కన్నా ఎక్కువైతే ఇప్పుడే మార్చాలి.

విధానాన్ని చూపడానికి కొన్ని అంకెలు ఊహిద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు. విడదీసి కలపడానికి కూలి రూ. 6,000, పని ఆగిన మూడు రోజుల నష్టం రోజుకు రూ. 2,000 చొప్పున రూ. 6,000; రిలీజ్ బేరింగు ధర రూ. 800. బేరింగు తరువాత పాడైతే మొత్తం నష్టం రూ. 12,800. పాడయ్యే అవకాశం పదింట ఒకటి అయినా గుణిస్తే రూ. 1,280 వస్తుంది. ఇది రూ. 800 కన్నా ఎక్కువ కనుక బేరింగును మార్చడమే లాభం.

ప్రెషర్ ప్లేటు ధర రూ. 9,000 అనుకుందాం. కొలతలు పరిమితిలోనే ఉండి, పాడయ్యే అవకాశం అదే పదింట ఒకటి అయితే, నష్టం రూ. 21,000లో పదో వంతు రూ. 2,100 మాత్రమే. దానిని మార్చనవసరం లేదు. ఆ అవకాశం సుమారు 43 శాతం దాటినప్పుడే మార్పు గిట్టుబాటు అవుతుంది. చౌకైనవి, చేరడానికి కష్టమైనవి అయిన సీళ్లు, బేరింగులు మార్చాలని, ఖరీదైన భాగాలను కొలిచి చూసి నిర్ణయించాలని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పేదానికి ఆధారం ఇదే.

కాలం అనే హద్దు

ఒకే లోపానికి మే నెలలో ఒక నిర్ణయం, విత్తు వేళ మరొక నిర్ణయం సరైనవి కావచ్చు. వాయిదా వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆలస్యం చేస్తే ఈ లోపం పెరుగుతుందా? నూనె మట్టాన్ని రోజూ చూసుకుంటూ ఉంటే సంపు గ్యాస్కెట్ వద్ద చిన్న చెమ్మ పంట కాలం ముగిసే వరకు ఆగగలదు. జారే క్లచ్ ఆగదు. పుట్టిన వేడికి ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు ముఖాలు కూడా దెబ్బతింటాయి. బ్రేకులు, స్టీరింగు, పీటీవో షాఫ్ట్ కవచం వంటి భద్రతా భాగాలకు ఏ కాలంలోనూ వాయిదా లేదు.

వాయిదా వేసిన ప్రతి పనినీ తేదీతో రాసి ఉంచాలి. రాయని వాయిదా మరపుగా మారి, తరువాతి ఏరువాకలో మళ్లీ ఎదురవుతుంది. రబీ కోతలకూ ఖరీఫ్ తొలకరికీ మధ్య వేసవి విరామంలో ఆ జాబితాను పూర్తి చేయాలి.

మరమ్మతు వల్ల కలిగే నష్టాన్ని నివారించడానికీ సమయం కావాలి. తుప్పు బోల్టులకు ముందు రోజే నూనె పట్టించాలి. విప్పిన బోల్టులను వరుస చెదరకుండా ఉంచాలి. ట్రాక్టరును విడదీసేటప్పుడు ముందు ఇరుసు ఇరువైపులా ఊగకుండా చెక్క చీలలు బిగించి, రెండు భాగాలకూ గట్టి ఆధారాలు అమర్చాలి, లేకుంటే ప్రాణాపాయం. తొందరలో మొదట వదిలేసేవి ఈ జాగ్రత్తలే.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

ఖరీఫ్ సన్నాహక సమావేశాల్లో విత్తనం, ఎరువులతో పాటు యంత్రాల పరిస్థితిని కూడా చర్చాంశంగా చేర్చాలి. కస్టమ్ హైరింగ్ కేంద్రాల నిర్వాహకులకు ప్రతి యంత్రానికీ ఒక మరమ్మతు పుస్తకం ఉంచడం నేర్పాలి. అందులో "ఇప్పుడే", "కలిపి", "వాయిదా" అనే మూడు గడులు చాలు. పని మధ్యలో కొత్త లోపం బయటపడితే, అది ఏ గడికి చెందుతుందో మెకానిక్కు, యజమాని కలిసి నిర్ణయించిన తరువాతే ముందుకు సాగాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ వంటి చోట్ల లభించే శిక్షణ గురించి గ్రామ యువతకు తెలియజేయాలి.

విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ కాలంలో ఒక ట్రాక్టరు మరమ్మతును మొదటి నుండి చివరి వరకు పరిశీలించి, పెరిగిన ప్రతి పనినీ పై నాలుగు మార్గాల్లో ఏదో ఒకదాని కింద నమోదు చేయవచ్చు. ఎన్ని రోజులు ఆగింది, ఆ రోజుల్లో ఎవరి పొలంలో విత్తు ఆలస్యమైంది అన్నదీ రాయాలి.

ముగింపు

మరమ్మతు పెరగడమే తప్పు కాదు. అసలు కారణాన్ని వెతుకుతూ పెరిగిన పని రైతుకు మేలు చేస్తుంది. లెక్క లేకుండా పెరిగిన పని అదనును హరిస్తుంది. విప్పక ముందు పరీక్ష, విప్పిన తరువాత లెక్క, వాయిదా వేసిన దానికి రాత, ఈ మూడూ పాటిస్తే పదును ఉన్న నాటికి ట్రాక్టరు పొలంలో ఉంటుంది.