ముద్ర వేసినవారే జవాబుదారులు



మన భాషలో ‘ముద్ర’ అన్న మాటకు ఎంత బలముందో గమనించారా? ఎవరికైనా చెడ్డపేరు వస్తే ‘ముద్ర పడింది’ అంటాం. గొప్పవారు మరణిస్తే ‘చెరగని ముద్ర వేసి వెళ్లారు’ అంటాం. చదువురాని తల్లి కాగితం మీద బొటనవేలు ఒత్తితే అది వేలిముద్ర. ఏ ఆఫీసుకు వెళ్లినా ‘సంతకం ఉంది సరే, సీలు ఏది?’ అని అడుగుతారు. ఇంతకీ ఈ ముద్రలు, వాటిపై కనిపించే సింహాలు, కిరీటాలు, శిలువలు ఎక్కడినుండి వచ్చాయి? వాటి వెనుకనున్న బాధ్యత ఏమిటి? శ్రీహరికోట తీరాన్ని ఆధారంగా చేసుకుని ఈ వారం తెలుసుకుందాం.

ముద్ర వేరు, లాంఛనం వేరు

ముద్ర, లాంఛనం రెండూ ఒకటే అనుకుంటాం. కాని తేడా ఉంది. లాంఛనం అంటే ‘నేను ఫలానావాడను’ అని చెప్పే గుర్తు. ముద్ర అంటే ‘ఈ మాట నాది, దీనికి నేను కట్టుబడతాను’ అని చెప్పే గుర్తు. మొదటిది పేరు, రెండవది ప్రమాణం.

ముద్ర చాలా ప్రాచీనమైనది. రాతిమీదనో లోహంమీదనో బొమ్మను తిరగవేసి చెక్కి, తడి మట్టిమీదనో మైనంమీదనో లక్కమీదనో ఒత్తితే బొమ్మ సరిగా పడుతుంది. సింధు నాగరికత ప్రజలు వేల ఏండ్ల క్రితమే ఇట్టి ముద్రలు వాడారు. పవిత్ర గ్రంథంలో యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొన్న సంగతి మనకు తెలుసు. 17 తులాల వెండి తూచి, దస్తావేజు వ్రాయించి, సాక్షుల ఎదుట దానికి ముద్ర వేయించి, మట్టికుండలో భద్రపరచమన్నాడు. ఆనాడు యెరూషలేమును శత్రువు ముట్టడించి ఉన్నాడు. అయినా ముద్ర వేసిన పత్రం రేపటికి నిలుస్తుందని ఆయన నమ్మాడు.

ఐరోపాలో లాంఛనం 12వ శతాబ్దంలో స్థిరపడింది. ఇనుప కవచం, ముఖాన్ని కప్పే శిరస్త్రాణం ధరించిన యోధుడు ఎవరో తెలియాలంటే అతని డాలు మీద రంగులు, బొమ్మలు ఉండాలి. ఆ డాలు బొమ్మే తండ్రినుండి కుమారునికి సంక్రమించి వంశచిహ్నమైంది. అందుకే నేటికీ ఐరోపా లాంఛనాలు చాలావరకు డాలు ఆకారంలోనే ఉంటాయి. తరువాత పట్టణాలు, మఠాలు, విశ్వవిద్యాలయాలు కూడా తమ లాంఛనాలు ఏర్పరచుకున్నాయి.

మన రాజుల ముద్రలు

ఈ ఆచారం ఐరోపావారిదే అనుకోనక్కరలేదు. తూర్పు చాళుక్యులు భూదానం చేస్తే రాగిరేకుల మీద శాసనం చెక్కించేవారు. రేకులకు బెజ్జాలు వేసి రాగి కడియం దూర్చి, ఆ కడియం కొసలను ముద్రతో కలిపి బిగించేవారు. ముద్రను పగలగొట్టనిదే రేకు మార్చడానికి వీలులేదు. ఆ ముద్రమీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు కనిపిస్తాయి. పల్లవులకు వృషభం, చోళులకు పులి గుర్తులు. విజయనగర రాజులకు మళ్లీ వరాహమే.

సూర్యచంద్రులను ఎందుకు చెక్కారు? ఆ సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ మాట నిలుస్తుందని చెప్పడానికి. అనేక దానశాసనాల చివర, ఇచ్చిన భూమిని అపహరించేవారికి శాపం కూడా వ్రాసి ఉంటుంది. అంటే ముద్ర వేసిన రాజు తనను, తన తరువాతి తరాన్ని కూడా ఆ మాటకు కట్టివేసుకున్నాడన్నమాట.

ప్రళయకావేరి ఒడ్డున వలందులు

పులికాట్ సరస్సును మన పెద్దలు ప్రళయకావేరి అనేవారు. ఆ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య అడ్డుగా ఉన్న దీవి శ్రీహరికోట. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. 1971 అక్టోబరు 9న ఇక్కడినుండి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. నేడు శ్రీహరికోట అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది రాకెట్లే. కాని 400 ఏండ్ల క్రితం ఈ దీవికి రెండు ప్రక్కలా ఐరోపా ఓడలు లంగరు వేశాయి.

ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువారు వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. వారు దానిని ఆర్మగాం అనేవారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. దక్షిణాన, సరస్సు సముద్రంలో కలిసే చోట పులికాట్ పట్టణం ఉంది. నేడది తమిళనాడులోనిది. 1610లో విజయనగర రాజు వేంకటపతి దేవరాయల కాలంలో డచ్చివారు అక్కడ వర్తకానికి అనుమతి పొందారు. 1612లో పోర్చుగీసువారు వారి స్థావరాన్ని ధ్వంసం చేయగా, 1613లో కోట కట్టుకుని దానికి తమ దేశంలోని గెల్డర్‌లాండ్ రాష్ట్రం పేరుమీద ‘గెల్డ్రియా’ అని పేరు పెట్టారు. 1690లో నాగపట్నానికి మారేవరకు కోరమండల్ తీరంలో డచ్చివారి ముఖ్యస్థానం అదే.

మన తెలుగువారు డచ్చివారిని వలందులు అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరు నేటికీ ఉంది. పులికాట్‌లోను, మచిలీపట్నంలోను వారి సమాధుల మీద నల్లరాతి పలకలు చూడవచ్చు. వాటిమీద డాలు, డాలుపై శిరస్త్రాణం, చుట్టూ ఆకుల అల్లిక, క్రింద పేరు, మరణించిన తేదీ ఎంతో నైపుణ్యంతో చెక్కి ఉన్నాయి. పులికాట్ సమాధుల స్థలాన్ని పురావస్తు శాఖవారు రక్షిత స్థలంగా ఉంచారు. ద్వారానికి ఇరుప్రక్కలా అస్థిపంజరాల బొమ్మలు నిలబడి ఉంటాయి. ఎంత గొప్ప లాంఛనం ఉన్నవాడైనా చివరికి ఇంతే అని ఆ ద్వారమే చెబుతుంది.

ఈ వలందుల కంపెనీ 1602లో ఏర్పడింది. దాని గుర్తు పెద్ద ‘వి’ అక్షరం. దాని ఒక కాలుమీద ‘ఓ’, మరొక కాలుమీద ‘సి’ ఉంటాయి. నాణేలమీద, ఫిరంగులమీద, సరుకుల మూటలమీద ఈ గుర్తే ఉండేది. కంపెనీకి ఆరు నగరాలలో శాఖలున్నాయి. వాటిలో పెద్దది ఆమ్‌స్టర్‌డామ్. కంపెనీ వ్యాపారంలో సగం ఆ శాఖదే. ఆమ్‌స్టర్‌డామ్ శాఖ సరుకైతే గుర్తుపైన ‘ఎ’ అక్షరం చేర్చేవారు. అందుచేత ఆ నగర లాంఛనం కథ కూడా మనం తెలుసుకోవాలి.

ఒక నగరం, మూడు శిలువలు

ఆమ్‌స్టర్‌డామ్ పాత ముద్రమీద ఒక ఓడ ఉండేది. అందులో ఇద్దరు మనుష్యులు, ఒక కుక్క. మన శాతవాహన రాజులు కూడా తమ నాణేలమీద రెండు తెరచాపకొయ్యల ఓడను ముద్రించారు. అట్టి నాణేలు కోరమండల్ తీరంలోనే దొరికాయి. సముద్రం పెట్టిన అన్నం తినేవారు ఎక్కడైనా ఓడనే గుర్తుగా పెట్టుకున్నారు.

తరువాత ప్రసిద్ధికెక్కినది డాలు లాంఛనం. ఎర్రని డాలు మధ్యలో నిలువుగా నల్లని పట్టీ, దానిమీద ఒకదాని క్రింద ఒకటిగా మూడు తెల్లని అడ్డ శిలువలు. జాలరి అయిన పునీత అంద్రెయ అపోస్తలుడు ఇట్టి శిలువ మీదనే మరణించాడని సంప్రదాయం. 1489లో మాక్సిమిలియన్ రాజు, తనకు సహాయం చేసిన ఈ నగరానికి కృతజ్ఞతగా, లాంఛనంపై తన కిరీటాన్ని ఉంచుకునే హక్కు ఇచ్చాడు. 1578లో నగరపాలన ప్రొటెస్టంటుల చేతికి వచ్చింది. అయినా కథోలిక రాజు ఇచ్చిన కిరీటాన్ని వారు తీసివేయలేదు.

ఆ గుర్తు క్రింద జరిగినది

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పుకోక తప్పదు. పులికాట్ నుండి వెళ్లినవి రంగుల బట్టలు మాత్రమే కావు. యుద్ధాల కాలంలో, కరువు కాలంలో ఆకలికి తాళలేక అమ్ముడుపోయిన ఈ తీరపు ప్రజలను వేలమందిని డచ్చివారు బానిసలుగా కొని, ఓడలలో బటావియాకు, అంటే నేటి జకార్తాకు పంపారు. మూటమీద వేసిన కంపెనీ గుర్తే ఆ ఓడల జెండామీదా ఎగిరింది. వర్తకుని సమాధిమీద శిరస్త్రాణం, డాలు ఉన్నాయి. ఆ ఓడలెక్కిన తల్లులకు, బిడ్డలకు రాయి లేదు, పేరు లేదు.

కంపెనీ 1799తో అంతరించింది. గెల్డ్రియా కోట కూలిపోయింది. 1825లో పులికాట్ ఇంగ్లీషువారి పరమైంది. ఇక అడిగేవారెవరు అనుకుంటాం. కాని లాంఛనం నిలిచి ఉన్నంతకాలం ఆ ప్రశ్న కూడా నిలిచే ఉంటుంది.

1941 ఫిబ్రవరిలో నాజీలు యూదులను పట్టుకుపోవడం చూసి ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులు ప్రాణాలకు తెగించి సమ్మె చేశారు. దానికి గుర్తుగా 1947లో విల్‌హెల్మినా రాణి ఆ నగర లాంఛనం క్రింద మూడు మాటలు చేర్చింది: వీరత్వం, దృఢత్వం, దయ. దయ అన్న మాటను లాంఛనం మీద వ్రాసుకున్నవారు తమ పాత లెక్కలు కూడా చూసుకోవాలి కదా! 2021 జులై 1న ఆ నగర మేయరు, బానిస వ్యాపారంలో పూర్వపు నగర పాలకులకున్న పాత్రకు నగరం తరఫున బహిరంగంగా క్షమాపణ కోరారు. 2023 జులై 1న ఆ దేశపు రాజు కూడా క్షమాపణ కోరారు. చనిపోయినవారు తిరిగి రారు. కాని అదే మూడు శిలువల గుర్తును ధరించినవారు, ‘అది మా నగరం చేసిన పనే’ అని ఒప్పుకున్నారు. లాంఛనాన్ని వారసత్వంగా తీసుకుంటే దానితోపాటు అప్పునూ తీసుకోవలసిందే.

శ్రీసభలో ముద్రలు

శ్రీసభకు కూడా తన ముద్రలున్నాయి. పోపుగారి ‘జాలరి ఉంగరం’ మీద పునీత పేతురు పడవలోనుండి వల వేస్తున్నట్లు చెక్కడం సంప్రదాయం. 1265లో 4వ క్లెమెంటు పోపుగారు తమ బంధువుకు వ్రాసిన లేఖలో ఈ ముద్ర ప్రస్తావన ఉంది. పోపుగారు మరణించినప్పుడు దానిని చెల్లకుండా చేస్తారు. 2025లో ఫ్రాన్సిస్ పోపుగారి మరణానంతరం అలాగే చేశారు. ఎందుకు? చనిపోయినవారి పేరుమీద బ్రతికినవారు మాట పుట్టించకూడదు కనుక.

మన మేత్రాణులకు కూడా లాంఛనం ఉంటుంది. మేత్రాసనం లేఖలమీద దానిని చూస్తారు. డాలుపైన ఆకుపచ్చని టోపీ, ఇరుప్రక్కలా ఆరేసి కుచ్చులు ఉంటే మేత్రాణులు; పదేసి ఉంటే అగ్రపీఠాధిపతులు; ఎర్రటోపీ, పదిహేనేసి కుచ్చులు ఉంటే కార్డినలు. డాలు వెనుక శిలువ నిలబడి ఉంటుంది. క్రింద వారు ఎంచుకున్న ధ్యేయవాక్యం ఉంటుంది. శిరస్త్రాణానికి బదులు టోపీ ఉండడం గమనించండి. గురువు పోరాడే యోధుడు కాడు.

ఇక మనకు మరీ దగ్గరది విచారణ ముద్ర. ప్రతి విచారణకు తన సొంత ముద్ర ఉండాలని 1983నాటి శ్రీసభ చట్టం 535వ నియమం చెబుతోంది. విశ్వాసుల స్థితిని గురించి ఇచ్చే ధ్రువపత్రాలకు విచారణ గురువుల లేదా వారు నియమించినవారి సంతకం, దానితోపాటు ఆ ముద్ర ఉండాలి. కనుక జ్ఞానస్నాన పత్రం తీసుకున్నప్పుడు ముద్ర స్పష్టంగా పడిందా, పేర్లు, తేదీలు రిజిస్టరులో ఉన్నట్లే ఉన్నాయా అని చూసుకోండి. తెలిసినవారు కదా అని వయసు మార్చి వ్రాయమని, ఖాళీ కాగితం మీద ముద్ర వేసి ఇమ్మని గురువులను ఎన్నడూ అడగకండి. అది ఒక మనిషి అడిగే చిన్న సహాయంలా కనిపించవచ్చు. కాని ఆ ముద్ర గురువులదీ కాదు, మనదీ కాదు. విచారణ అంతటిదీ. అబద్ధంమీద పడితే విచారణ అంతా అబద్ధం చెప్పినట్లే.

మనలో చాలామందికి వంశ లాంఛనాలు లేవు. ఈ తీరంలో వల వేసి బ్రతికే కుటుంబాలకు, శ్రీహరికోట అడవిలో తరతరాలు బ్రతికిన యానాదులకు రాతిమీద చెక్కిన డాళ్లు లేవు. కాని వేలిముద్ర అందరికీ ఉంది. ఒకరిది మరొకరికి రాదు. అప్పు కాగితంమీద గాని, పంచాయతీ పత్రంమీద గాని చదువురానివారి వేలు ఒత్తించే ముందు అందులో ఏముందో చదివి వినిపించడం చదువుకున్నవారి ధర్మం. మన ఇండ్లలో చదువుకున్న పిల్లలకు ఈ ధర్మం నేర్పుదాం.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. లాంఛనానికి, ముద్రకు తేడా ఏమిటి? మీ ఇంట్లో ఉన్న కాగితాలలో ఒక్కొక్కదానికి ఉదాహరణ వెదకండి.

2. తాతముత్తాతలు చేసిన తప్పుకు నేటివారు క్షమాపణ కోరడం న్యాయమేనా? మన ఊరిలో అట్టి బాకీ ఏదైనా ఉందా?

3. మీ మేత్రాణుల లాంఛనంలో ఏయే గుర్తులున్నాయి? వాటి అర్థాన్ని మీ విచారణ గురువులను అడిగి తెలుసుకోండి.